చారల పేజీ

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా పెరట్లో పలకరాయి దొంతులు నా నెత్తికంటే ఎత్తుగా ఉండేవి. క్వారీ నుంచి వచ్చిన రాళ్లను మా నాయన అక్కడే పలకలుగా కోయించేవాడు. రాళ్ల కింది చల్లదనానికి తేళ్లు, జెర్రులు, పాములు చేరేవి. అందుకే పనివాళ్లు రాయిని ఎప్పుడూ అవతలి అంచు పట్టుకుని తమవైపుకు లేపేవాళ్లు. కింద ఏదున్నా, దానికీ తమకూ మధ్య రాయి అడ్డం ఉంటుంది.

నాకు అప్పటికే రాసుకునే పిచ్చి. ఐదో తరగతిలో ఒక నోటుపుస్తకానికి గీతలు కొట్టి, పెరట్లో కనిపించిన ప్రాణులన్నిటినీ ఎక్కించాను. నల్లనివి ఒక పేజీ, మచ్చలవి ఒక పేజీ, చారలవి ఒక పేజీ. ఒకనాడు పనికి వచ్చే పెద్దమ్మ ఒక చారల పామును కట్టెతో ఎత్తి చూపించి, "ఇది ఉత్తదే పాపా, దీనికి విషం లేదు" అంది. నేను చారల పేజీలో "చారల పాము. మంచిది. ముట్టుకోవచ్చు" అని రాసుకున్నాను. ఆమె చెప్పింది ఆ ఒక్క పాము సంగతి. నేను చారలున్న వాటన్నిటికీ అంటగట్టాను. మా చెల్లెలికి ఇంకా చదువు రాదు. నేను చదివి వినిపించిందల్లా పద్యంలా ఒప్పజెప్పేది.

వాన వెలిసిన ఒక పొద్దున అది దొంతుల వెనక నుంచి నన్ను పిలిచింది. "అక్కా, నీ మంచి పాము వచ్చింది! నిద్రపోతాంది."

జారిపడిన పలక పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా పాము, నల్లటి ఒంటిమీద తెల్లటి చారలు. "తోక పట్టుకుని చూడు, ఏం చేయదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

హైస్కూల్లో సైన్సు చెప్పే మా చిన్నాయన అరుగుమీద నుంచి అది విన్నాడు. అరవలేదు. వెనకగా వచ్చి, చెల్లెల్ని చంకల కింద పట్టి లేపి దూరంగా నిలబెట్టినాడు.

"ముట్టుకున్నావా తల్లీ?"

"ఊఁ. మెత్తగా ఉంది."

"కరిచిందా?"

"ఏమో, తెల్దు."

పనివాళ్లు పామును చంపారు. చిన్నాయన వంగి దాని వీపు చూశాడు. అది కట్లపాము. అది కాటేసినా నొప్పి తెలియకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. జట్కాలో ఆసుపత్రికి పోయినాము. మరుసటి రోజు దాకా అక్కడే ఉంచమన్నాడు డాక్టరు. రెప్పలు వాలితే వెంటనే చెప్పమన్నాడు. నేను మంచం పక్కన నిలబడి చెల్లెలి కళ్లే చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం, రోజూ అది నిద్రపోయే వేళకు, రెప్పలు వాలినాయి. అది నిద్రో విషమో నాకు తెలియలేదు. నేను పెట్టిన కేకకు అందరూ పరుగెత్తుకొచ్చి దాన్ని కుదిపి లేపారు. "ఏంది, పండుకోనీరా!" అని గొంతు చించుకుని ఏడ్చింది. ఆ ఏడుపంత తీపి మాట నేను మళ్లీ వినలేదు. అయినా తెల్లారేదాకా మా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టలేదు.

దానికేమీ కాలేదు. ఇంటికొచ్చాక చిన్నాయన నాతో జరిగిందంతా చెప్పించుకుని, నా చారల పేజీ చదివాడు. చచ్చిన పామును ఒక పలకమీద పెట్టి, పక్కనే బడి నుంచి తెచ్చిన స్పిరిటు సీసా ఉంచాడు. సీసాలో ఉన్నది పెద్దమ్మ చూపించిన రకం పాము. నాకు రెండూ అక్కచెల్లెళ్లలా కనిపించాయి. వెన్ను చూడమన్నాడు. కట్లపాముకు మెడ నుంచి తోక దాకా నడివీపున పెద్ద పొలుసుల వరుస ఒకటి ఉంది. సీసాలోదానికి లేదు.

తర్వాత సుద్దముక్కతో పలకమీద కొమ్మలు గీశాడు. "ఇది నాగుపాముకు దాయాది. పడగ లేదు, రంగు కలవదు, అయినా ఇద్దరికీ మూలపురుషుడు ఒకడే. నోటి ముందువైపు ఉండే విషపు కోరలు ఆ వంశం నుంచి వచ్చినవే. సీసాలోది విషంలేని జెర్రిగొడ్డు పాము వైపు చుట్టం. చారలు ఎవరికైనా వస్తాయి. నువ్వు చొక్కా చూసి చుట్టరికం రాసినావు." ప్రాణులను వంశాన్ని బట్టే వరుసపెట్టాలని నేను మొదట విన్నది అక్కడే. లేస్తూ ఒక మాట అన్నాడు. "ఇంకెన్ని పేజీలు ఇట్ల రాసినావో చూసుకో."

ఆ పేజీ చించలేదు. అప్పటి నుంచి ఏ డైరీలోనైనా, ప్రతి సంగతి పక్కనా అది చూసిందో, విన్నదో, అనుకున్నదో రాస్తున్నాను. మొన్న ఏదో పాత విషయం మీద మాట వస్తే చెల్లెలు ఫోనులో నవ్వుతూ, "నీ పుస్తకంలో ఉంటే నిజమేలే అక్కా" అంది. నేను నవ్వలేకపోయాను. తడిసిన పలక పక్కన గొంతుక్కూర్చున్న ఆ చిన్న వీపే కనిపించింది.