ప్లానులో మిగిలిన రోడ్డు

ఇది రాసిపెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మంగళగిరి వైపు స్థలాలు కొనేవాళ్లు ఇప్పటికీ నన్ను ఒకటే అడుగుతారు: "రిజిస్ట్రేషన్ అవుతుందా?" అవుతుంది. మా అక్కకీ అయింది. ఆ తర్వాత సొంత స్థలంలోకి అడుగుపెట్టడానికి ఆమెకు దారే లేకుండా పోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బావ పోయాడు. అద్దె ఇంటివాళ్లు ఖాళీ చేయమంటున్నారు. రెండు గదులైనా సొంతంగా వేసుకోవాలని అక్క తన వాటా మిరప చేను అమ్మి, ఊరి చివర స్థలం కొంది. పత్తి చేనును ప్లాట్లు చేసి రాళ్లు పాతిన లేఅవుటు అది. దానికి అనుమతి లేదు. ఆ మాట అడిగితే అమ్మే ఆయన నవ్వాడు. బావకు దూరపు చుట్టమే.

"ఈ చుట్టుపక్కల అనుమతి ఉన్నది ఒక్కటి చూపించు మాస్టారూ. నిన్ను మోసం చేస్తానా అక్కాయ్?"

నేను మాస్టర్ని కాను. శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. వెటకారం అర్థమైనా, దస్తావేజు అక్షరం వదలకుండా చదివాను. పడమర హద్దు, రోడ్డు. ఇద్దరం తృప్తిపడ్డాం. మా పల్లెల్లో గట్ల మీద తలలు పగలగొట్టుకుంటారు గానీ, చేలకు బండ్లు వెళ్లే డొంకను ఎవరూ అమ్మరు. ఈ రోడ్డు ఎవరి పేరున ఉందని అడగాలని మాకు తోచనే లేదు.

ఆ రోడ్డును అతను పంచాయతీకి రాసివ్వలేదు. తన పేరునే ఉంచుకుని, రేట్లు పెరగగానే దాన్నీ ముక్కలు చేసి అమ్మేశాడు. అక్క ద్వారబంధం చేయించి స్థలంలో దింపిన కొద్దిరోజులకే ఎదురుగా, ఆ రోడ్డు ముక్క కొన్నవాడి ప్రహరీ లేచింది. మిగతా మూడు వైపులా అప్పటికే ఇళ్లు.

హద్దుగా చూపించిన దారి మీద కొన్నవాళ్లకు హక్కుంటుందని లా పుస్తకంలో దొరికింది. ఆ పేజీ జెరాక్స్ తీయించి, స్థలం అమ్మిన ఆయన ముందు పెట్టాను.

"బాగానే చదివావు. ఆ కాగితం పరిచి, దాని మీద నడిచి వెళ్లమను మీ అక్కని!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

రిజిస్ట్రార్ ఆఫీసులో దారి చూసుకోవడం తమ పని కాదన్నారు. పంచాయతీలో, "రోడ్డేంటండీ? మా లెక్కలో అదింకా పత్తి చేనే," అన్నారు. ప్లీడరు గారు కేసు గెలుస్తామన్నారు, ఎప్పుడని మాత్రం అడగొద్దన్నారు.

"నీ పుస్తకం నిజమేరా. గెలిచేదాకా నేనెక్కడ పడుకోను?" అంది అక్క.

దారి లేని స్థలం కొనేవాడు ఒక్కడే, రోడ్డు కొని గోడ కట్టినవాడు. అతను చెప్పిన ధరకే అక్క సంతకం పెట్టింది.

సాయం చేసినవాళ్ల పేర్లు రాస్తే ఆ ఊళ్లో వాళ్లకే ఇబ్బంది. లా పుస్తకం ఇంటికి పట్టుకెళ్లనిచ్చిన లైబ్రేరియన్ గారికి, ఫీజుకు ఆశపడకుండా ఉన్నమాట చెప్పిన ప్లీడరు గారికి దండం పెడుతున్నాను. వెనకింటి ఆవిడకు కూడా. "రోజూ దారంటే మా ఆయన ఒప్పుకోడండీ. ఇవాళ్టికి పట్టుకెళ్లండి," అని, పెరట్లో ఆరబోసిన మిరపకాయలు పక్కకు ఊడ్చి, ద్వారబంధం బయటికి తెచ్చుకోనిచ్చింది. అది ఇప్పటికీ అక్క అద్దె గది బయట గోడకు ఆనించే ఉంది.