గట్టు దాకా వచ్చే బండి

చినబాబును ఏదైనా అడగండి గానీ బండి గురించి మాత్రం అడక్కండి. అడిగారంటే ఆ పూట మీరు ఇంటికి చేరినట్టే! టీ గ్లాసు చేతిలో ఉండగానే మిమ్మల్ని బండి వెనక్కి లాక్కెళ్ళి, నడుం వంచమని, రెండు చక్రాల మధ్య ఇరుసుకు అంటుకుని ఉన్న ఇనప బుర్రను చూపిస్తాడు. వంగి చూసినవాళ్ళకు మట్టీ గ్రీజూ తప్ప ఏమీ కనబడదు. అయినా మర్యాదకు తల ఊపుతారు.

అతని గర్వమంతా ఆ బుర్రలోనే ఉంది. మామూలు బండికి ఒక వెనక చక్రం బురదలో దిగబడితే అది ఒక్కటే గిర్రున తిరుగుతుంది, గట్టినేల మీదున్న రెండోది తనకేం పట్టనట్టు ఊరుకుంటుంది. ఈ బండి అలా కాదు. లోపలున్న పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టు బిగిస్తాయి, జారే చక్రం దగ్గర వృథాగా పోయే బలాన్ని నిలదొక్కుకున్న చక్రానికి అందిస్తాయి. కంపెనీవాళ్ళు దానికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అని నోరు తిరగని పేరు పెట్టారు. షెడ్లలో డిఫరెన్షియల్‌ను క్రౌన్ అనడం అలవాటు కాబట్టి చినబాబు తన బండిదాన్ని 'పట్టే క్రౌన్' అంటాడు. కొండరోడ్ల పనులు చేయించిన కాంట్రాక్టరు ఒకాయన అమ్మేస్తుంటే, రంగు వెలిసిపోయినా, తలుపు సరిగా పడకపోయినా, దీని కోసమే ఆ చిన్న లారీని కొన్నాడు.

దీని వెనక ఒక తిట్టు కూడా ఉంది. చినబాబు పెళ్ళికాని రోజుల్లో ఎవరిదో లారీ తోలేవాడు. లారీ రోడ్డు మీద ఆగేది. ఆడవాళ్ళు చెరకు మోపులు నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు బురదలో గట్ల మీదుగా మోసుకొచ్చేవారు. ఇతను దర్జాగా సీట్లో కాళ్ళు చాపుకుని పాటలు వినేవాడు. ఒకరోజు ఒక పిల్ల మోపును లారీ పక్కన ధబ్బున పడేసి, "ఆ బండి కూసింత లోపలికి తెస్తే నీ సొమ్మేటి పోద్దిరా?" అని అందరి ముందూ కడిగిపారేసింది. ఆ పిల్ల పేరు వెంకటదుర్గ. మరుసటి ఏడాది చినబాబు ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. సొంత బండి కొన్న రోజున, "ఇది గట్టు దాకా వస్తాది, సూసుకో" అని ఆమెతోనే మొదట చెప్పాడు.

ఇప్పుడు వెంకటదుర్గ అయిదుగురు ఆడవాళ్ళ చెరకు జట్టుకు పెద్ద. రోలుగుంట వైపు చేలల్లో వాళ్ళు నరుకుతారు, చినబాబు గానుగలకు తోలతాడు. ఆ జట్లలో పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరు నరికిన చెరకు వాళ్ళే మోయాలి. మోయలేనివాళ్ళకు జట్టులో చోటు లేదు. కట్టుబాటు కఠినమైనదే గానీ, ఒకరి బరువు ఇంకొకరి మెడ మీద పడకూడదని పెట్టుకున్నది, తప్పు పట్టలేం. బండి గట్టు దాకా వస్తే మోత అనేదే ఉండదు. నిలబడ్డచోటి నుంచి మోపు పైకి అందిస్తే సరిపోతుంది. అందుకే అరవై దాటి, మోకాళ్ళు మొరాయిస్తున్న అచ్చియమ్మ ఇంకా ఆ జట్టులో ఉంది. కత్తి పడితే పడుచువాళ్ళు కూడా ఆమె వెనకే ఉండాలి. బరువు నెత్తిన పెట్టి బురదలో నాలుగడుగులు వెయ్యమంటే మాత్రం ఆమె వల్ల కాదు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఇలా హాయిగా సాగిపోతుండగా, దీపావళి దాటాక బండి మూలగడం మొదలుపెట్టింది. ముందు ఉండీ లేనట్టు ఉండేది. చెరకు లోడు పడేసరికి అసలు రూపం బయటపడింది. టౌన్లోని అబీద్ సెంటర్లో మలుపు తిప్పితే చాలు, వెనక నుంచి గరగరమని శబ్దం, సీటు ఎగిరిపడేలా కుదుపు. నడిచేవాళ్ళు ఆగి చూస్తుంటే చినబాబుకు తల కొట్టేసినట్టయింది.

మెకానిక్ దేవుళ్లు అతనికి వరసకు బావ. బండిని షెడ్డు ముందు రెండు చుట్లు తిప్పించి, చెవి ఒగ్గి విని, పెదవి విరిచాడు.

"పలకలు అయిపోయినట్టున్నాయి బావా. వయసైపోనాది కదేటి. తీసేసి మామూలు క్రౌన్ ఏసేద్దాం."

"మళ్ళీ ఇలాంటిదే ఎయ్యలేమా?"

"కొత్తది మనకాడ దొరకదు. ఎక్కడో తెప్పించినా దాని ఖరీదుకి ఈ బండే వస్తాది. మామూలుదైతే ఓ వారంలో నేను సూసి పెడతాను. అప్పటిదాకా రోడ్డు దిగకు. లోడుతో బురదలో దించినావనుకో, లోపల ముక్కలైపోయి ఇరుసు కూడా పట్టుకుపోద్ది."

ఆ రాత్రి అన్నం దగ్గర చినబాబు ఈ మాట చెబితే వెంకటదుర్గ తేలిగ్గా తీసేసింది. "ఏసెయ్యి మరి. ఎండాకాలం జీడిపిక్కలకి కొండల్లోకి ఎల్తావు, అక్కడ ఇరిగితే ఎవుడొస్తాడు? మేం మోస్తాం. ఇదివరకు మొయ్యలేదేటి?"

"అచ్చియమ్మ పిన్నో?"

వెంకటదుర్గ మజ్జిగ పోసింది.

మర్నాటి నుంచి బండి రోడ్డు మీదే ఆగింది. అంతకుముందు వారమే తుపాను జల్లులు పడ్డాయేమో, చేల మధ్య బాట పాయసంలా ఉంది. ఆడవాళ్ళు మోపులెత్తుకుని వరసగా వస్తుంటే చినబాబుకు సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. లుంగీ ఎగగట్టి తనూ ఒక మోపెత్తాడు. ఉత్సాహం మూడు మోపుల వరకే నిలిచింది. నాలుగోది దించాక మెడ ఒక పక్కకు పట్టేసి, సాయంత్రం దాకా ఎవరు పిలిచినా మనిషంతా తిరిగి చూడాల్సి వచ్చింది. ఆడవాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయారు. "పాటలెట్టుకుని కూకోవయ్యా, నీకదే బాగుంటాది" అంది వెంకటదుర్గ.

అచ్చియమ్మ ఆ మొదటిరోజు రెండు మోపులు మోసింది. రెండోది దించినప్పుడు లారీ పక్క పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. మర్నాడు రాలేదు. చుట్టాలింట్లో పెళ్ళి ఉందని కబురు పంపింది. ఆ మర్నాడూ పెళ్ళే. అవి మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజులని జట్టులో అందరికీ తెలుసు. ఆమె వరస చెరకు అలాగే నిలబడి ఉంటే, సాయంత్రం పూట తలా కాస్తా నరికారు. చినబాబుకు మాత్రం ఆ పెళ్ళి మాట ముల్లులా గుచ్చుకుంది. బండి తనది, పరువూ తనదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇంకొకరి బతుకుతెరువు కూడా అందులో ఎక్కి కూర్చుందని అప్పుడే గట్టిగా తెలిసింది.

వారం తిరిగేసరికి దేవుళ్లు మామూలు క్రౌన్ ఒకటి సంపాదించాడు. చినబాబు బండిని షెడ్డులో పెట్టి, ఎవరినో ఆసుపత్రిలో చేర్పించినవాడిలా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. దేవుళ్లు కిందికి దూరి, బిరడా విప్పి, నూనె పళ్ళెంలోకి వదిలాడు. రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ రాసి చూశాడు.

"బావా, ఇది ఎప్పుడు పోసినావు?"

"దసరాకి. ఇంజనుకీ, గేరుబాక్సుకీ, క్రౌన్‌కీ అన్నిటికీ నా సేత్తోనే మార్సినాను. పూజకి నువ్వూ వచ్చినావు కదేటి, అటుకులు కూడా తిన్నావు."

దసరా ముందురోజు బండికి నూనెలన్నీ కొత్తవి పోయడం చినబాబు ఎప్పుడూ తప్పని ఆచారం. ఇంట్లో వాళ్ళకు కొత్తబట్టలు ఎలాగో, బండికి కొత్తనూనె అలాగ. పాతనూనెతో బండిని పూజలో నిలబెట్టడమంటే మాసిన బట్టలతో గుడికెళ్ళినట్టే అతని లెక్కలో.

"అది సరే. క్రౌన్‌లో ఏ డబ్బా పోసినావు?"

"గేరుబాక్సుదే. మంచి కంపెనీది, సీలు డబ్బా."

"దీనికి పోసే నూనె వేరే కదేటి? ఎప్పుడూ విశాఖపట్నం నుంచి తెప్పిస్తావు, అది పొయ్యలేదేటి?"

"ఈసారి పండగ ముందు అక్కడ కొట్లో అయిపోనాదన్నారు. అలాగని పూజనాడు పాతనూనె ఉంచమంటావేటి?"

దేవుళ్లు బండి కిందే వెల్లకిలా పడుకుని నవ్వడం మొదలుపెట్టాడు. బయటికొచ్చేదాకా ఆపలేదు. "ఓరి నీ భక్తి బంగారం గానూ! ఆ పలకలు సాఫీగా ఒరుసుకోడానికి నూనెలో ఏదో మందు కలుపుతారు. మామూలు నూనెలో అది ఉండదు. అందుకే మలుపు తిరిగితే పలకలు పట్టేసుకుని కొట్టుకుంటన్నాయి. నేనైనా ముందే అడగాల్సింది. పూజకి పోసిన నూనె మీద ఎవుడికైనా అనుమానమొస్తాదేటి?"

చినబాబుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొత్తనూనె బండికి చెరుపు చేస్తుందని అతనికి కలలో కూడా తోచి ఉండదు. అమ్మవారి ముందు పెట్టి, పసుపు బొట్టు పెట్టిన డబ్బా అది!

దేవుళ్లు ఊరుకోకుండా విప్పి లోపల కూడా చూశాడు. అప్పుడు నవ్వు తగ్గించి నిజం చెప్పాడు. పలకలు అరిగాయి. పూర్తిగా పోలేదు. సరైన నూనె పోస్తే శబ్దం పోవచ్చు, పట్టు మాత్రం వెనకటంత ఉండదు.

"నీ ఇష్టం బావా. మామూలుది ఏసుకుంటే నీకింక ఏ గొడవా ఉండదు, నిశ్చింతగా నిద్దరోతావు. ఇదే ఉంచుకుంటే రెండు పంటలు రావచ్చు, ఒకటే రావచ్చు. నేను మాటివ్వను."

చినబాబు నేల మీదున్న రెండింటినీ చూశాడు. మామూలుది కడిగి శుభ్రంగా మెరుస్తోంది. తనది నల్లగా, పాతగా ఉంది. ఫోను తీసి వెంకటదుర్గకు చేశాడు. చెప్పిందంతా విని ఆమె ముందు పది మాటలు తిట్టింది. ఆ తిట్లలో నూనె డబ్బా ఉంది, అతని తెలివి ఉంది, దేవుళ్లు తిన్న అటుకులు కూడా ఉన్నాయి.

"అయితే ఏటి సేయమంటావు?" అన్నాడు చినబాబు.

"పిన్ని ఈరోజు కూడా రాలేదు" అంది వెంకటదుర్గ. "నన్నడుగుతావేటయ్యా, నీకు తెల్దా?"

తెలుసు. "దీన్నే బిగించు బావా" అన్నాడు దేవుళ్లుతో. "ఎన్నాళ్ళొస్తే అన్నాళ్ళు. ఇది పోయిననాడు ఇలాంటిదే ఎక్కడున్నా ఎతుక్కుంటాను. నూనె మాత్రం నేను పొయ్యను, నువ్వే పొయ్యి."

నూనె విశాఖపట్నం బస్సులో సాయంత్రానికి వచ్చింది. దేవుళ్లు పోసి, మెల్లగా ఎనిమిది ఆకారంలో బండిని తిప్పించాడు. మొదటి చుట్టులో గరగర ఉంది. నాలుగో చుట్టుకు సన్నగిల్లింది. ఆపైన వినబడలేదు. చినబాబు అవసరం లేకపోయినా ఇంకో రెండు చుట్లు తిప్పాడు.

తెల్లవారి బండిని తిన్నగా బలిఘట్టంలో అచ్చియమ్మ గుమ్మం ముందు ఆపాడు. ఆమె అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"రా పిన్నీ, ఎల్దాం."

"పెళ్ళికెల్లినాన్రా, అలుపు తీర్లేదు" అంది ఆమె అతని వైపు చూడకుండా.

"మొయ్యక్కర్లేదు. బండి గట్టు దాకా వస్తాది."

అచ్చియమ్మ చేట పక్కన పెట్టి, బండిని చూసి, అతన్ని చూసింది. నమ్మినట్టు లేదు. అయినా లేచి లోపలికెళ్ళి కత్తి తెచ్చుకుంది.

రోలుగుంట చేను దగ్గర చినబాబు రోడ్డు దిగేటప్పుడు మనసులో దండం పెట్టుకున్నాడు. బాట సగానికి రాగానే ఎడమ చక్రం జర్రున దిగబడింది. బురద తెరలా లేచింది. బండి ఒక్క క్షణం అక్కడే ఆగి వణికింది. గట్టు మీద ఆడవాళ్ళు చేతిలో పనులు ఆపేశారు. అతను తొందరపడలేదు, కాలు సమంగా నొక్కి ఉంచాడు. వెనకటికంటే ఆలస్యంగానే గానీ, కుడి చక్రం నేలను పట్టుకుంది. బండి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, మెల్లగా వెళ్ళి గట్టుకు ఆనుకుని నిలబడింది. అంత సంతోషం చినబాబుకు ఆ బండి కొన్నరోజు కూడా కలగలేదు.

ఆ రోజు ఎవరూ మోపు నెత్తికెత్తుకోలేదు. అచ్చియమ్మ తన వరస పట్టుకుని, మధ్యాహ్నానికి అందరికంటే రెండు బారలు ముందుకు పోయింది. నరికిన మోపులు తనే లేపి బండి పైకి అందించింది. సాయంత్రం లోడు కట్టాక కత్తిని ఆకుతో తుడుచుకుంటూ, "రేపు ఏ సేనే?" అని వెంకటదుర్గను అడిగింది.

"పక్కదే పిన్నీ. బండొచ్చి నిన్ను ఎక్కించుకుంటాదిలే."

"నా కోసం ఇంటికాడికి రావొద్దు" అంది అచ్చియమ్మ. "బేగి వొచ్చి రోడ్డుకాడే కూకుంటాను. మీరే ఆలిస్యం సెయ్యకండి."