ఉమ్మి డబ్బా పట్టుకుని నెల్లూరు పోయొచ్చినా

పళ్ళు తోముకుంటే ఆరు నెలలుగా చిగుళ్ళ నుంచి నెత్తురొస్తా ఉండాది. మా ఆయన నోటి కేన్సరుతో పోయినాడు. ఆయనకీ మొదట ఇట్లనే కనపడింది. నాకూ అదే వచ్చిందనీ, ఆ ఉమ్మి మింగితే జబ్బు కడుపులోకి పాకుతుందనీ భయపడి, మూతున్న డబ్బా పక్కన పెట్టుకుని పొద్దస్తమానం ఉమ్ముతా ఉండినా. ఇంట్లో ఒక్కదాన్నే, అదేందని అడిగేవాళ్ళు లేరు. ఏదైతే అదవుతుందని మొన్న బుధవారం బయలుదేరినా.

మాది చిట్టమూరు పక్కన పల్లె. ఆరుకి షేర్ ఆటో ఎక్కి నాయుడుపేట చేరితే, ఏడుకి నెల్లూరు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి డబ్బు కట్టే పని లేదు. కార్డు ఉందో లేదో మూడుసార్లు తడుముకున్నా. డబ్బా మూత తీయగానే పక్కనామె లేచి వెనక్కి పోయింది.

"వాంతా అవ్వా? కవరిమ్మంటావా?" అన్నాడు కండక్టరు.

"కాదు నాయనా, నోట్లో జబ్బు."

గూడూరులో జనం నిలబడినారు గానీ ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. వెంకటాచలం దాటినాక నా సంచే అక్కడ పెట్టుకున్నా.

తొమ్మిదిన్నరకి పళ్ళ ఆసుపత్రిలో చీటీ రాయించుకుంటే పదకొండుకి పిలిచినారు. డాక్టరమ్మ చిన్న పిల్ల. లైటు వేసి నాలుక కింద, బుగ్గల లోపల అంతా చూసింది.

"కేన్సరు గుర్తులేం లేవవ్వా. పళ్ళకి గార పట్టి చిగుళ్ళు వాచినాయి, తీసేస్తా. ఆ డబ్బా ఏంది?"

చెప్పినా. నవ్వింది.

"మందంతా ఉమ్మేస్తా ఉండావా?"

"నోటికి నేనేం మందు వేసుకోలేదు తల్లీ."

"నీ ఉమ్మిలోనే ఉండాది. చిగుళ్ళు కూడా కంటికి కనపడని ప్రోటీన్ ముక్కల్ని తయారుచేస్తాయి. అవి క్రిముల పైపొరకి చిల్లులు పెట్టి చంపుతాయి. ఎవురూ నేర్పకుండానే కాపలా కాస్తాయి. ఆ కాపలావాళ్ళని నువ్వు డబ్బాలోకి పంపితే ఎట్లా?"

"మరి నోరెందుకు ఎండిపోతా ఉండాది?"

"ఉమ్మేస్తే ఎండదా? భయానికీ ఎండుతుంది. నీళ్ళు తాగు, నమిలి తిను, నాలుగు మాటలు మాట్లాడు. ఇంట్లో ఎవురితో మాట్లాడతావు?"

నేను డబ్బా మూత బిగించుకున్నా. ఆమె మళ్ళీ అడగలేదు.

గార తీయడానికి అరగంట పట్టింది. బస్టాండు కొళాయి దగ్గర డబ్బా కడిగి సంచిలో వేసుకుని, రెండు గంటల బస్సెక్కినా. ఈసారి పక్కన ఒకామె కూర్చుంది. ధైర్యం చేసి "ఏ ఊరమ్మా?" అన్నా. "గూడూరు" అని కళ్ళు మూసుకుంది.

ఆరు నెలలు నా నోరు నాకోసం పోట్లాడతా ఉంటే, దాన్నే పగదాన్లా చూసినా. డాక్టరమ్మ నెల తర్వాత మళ్ళీ రమ్మనింది. అప్పుడేం చెబుతుందోనని గుబులు ఉండనే ఉండాది. మీరు ఆసుపత్రికి పోయేటప్పుడు వాడే మాత్రల చీటీ తప్పకుండా పట్టుకుపోండి. బీపీ మాత్రలకి కూడా ఒక్కోసారి నోరు ఎండుతుందంట, ఆమె అడిగితే నేను వేసుకునే బీపీ మాత్ర పేరు నాకు గుర్తు రాలేదు.

నాకు రాత అంతంత మాత్రం. ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటాది. ఇదంతా అట్ల చెప్పిందే. ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నోరు తడిగా ఉండాది.