సావీ అన్న మాటకు వాకబు

మొన్న మా మనవడు ఏదో ఉద్యోగ ప్రకటన చదువుతూ, అభ్యర్థి ‘టెక్ సావీ’ అయి ఉండాలట తాతయ్యా అన్నాడు. ఆ సావీ అన్న మాటే మా ఇంట్లో ఒక ఉద్యోగాన్ని ఊడగొట్టిందని వాడికేం తెలుసు?

పంతొమ్మిది వందల యాభైల్లో, నేను ఏలూరులో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో, మా బాబాయికి తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా పని దాదాపు ఖాయమైంది. దాదాపు అంటే, షావుకారు ఇంకా వద్దనలేదని. కొల్లేరు నీళ్లు ఎందాకా వచ్చాయో, కామవరపుకోట వైపు ఎవరి పొలం ఎవరి చేతికి పోయిందో బాబాయి భీమడోలులో మా అరుగు మీద కూర్చునే చెప్పేవాడు. మా వీధికి ఆయనే పేపరు. పైగా తప్పులు తక్కువ.

మిల్లుకు ఇంజను బిగించడానికి వచ్చిన దొర, నాలుగు మాటల్లోనే బాబాయి సంగతి పసిగట్టి, నవ్వుతూ షావుకారుతో ‘సావీ ఫెలో’ అని రైలెక్కేశాడు. అర్థం మాత్రం చెప్పలేదు.

పిల్లనిచ్చినా, గేదెను కొన్నా ముందు వాకబు చేసే జనం మేము. షావుకారు ఆ మాటకూ వాకబు మొదలుపెట్టాడు. దొర నవ్వాడు కనుక అది తిట్టేనని ఆయన అనుమానం. తిట్టింది షావుకారునేమోనని మా నాన్నగారి అనుమానం. తేల్చుకోవడానికి ఇద్దరూ ఏలూరులో మా ఇంగ్లీషు లెక్చరరు గారింటికి వచ్చారు. ఆయన, సావీ అంటే లోకం బాగా తెలిసినవాడని, పోర్చుగీసువాళ్ల ‘సాబే’, అంటే ‘తెలుసా’ అన్న ముక్కను రేవుల్లో బేరాలాడే జనం వాడి వాడి ఇంగ్లీషులోకి లాక్కొచ్చారని చెప్పారు. నాన్నగారి మొహం వెలిగింది. షావుకారుది మాడింది.

“అంటే, ఏ ఓడలో ఏం దిగుతోందో ఆరా తీసేవాళ్ల మాటన్నమాట!”

“తెలియడం మంచిదే కదండీ?” అన్నారు నాన్నగారు.

“మంచిదేనండీ, మీ అరుగు మీద. నా మిల్లులో ఏ బస్తా ఎటు పోతోందో తెలిసినవాడు నాకెందుకండీ?”

ఉద్యోగం పోయింది. ఆకాశమేమీ విరిగిపడలేదు, లెక్చరరు గారు కాఫీ ఇప్పిస్తే షావుకారే ముందు తాగాడు.

బాబాయి తరవాత ద్వారకా తిరుమలలో ఒక కొబ్బరికాయల కొట్లో కుదిరాడు. అక్కడ ఎవరేమడిగినా, “ఏమోనండీ, నాకేం తెలుసు” అనడం నేర్చుకున్నాడు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. మేమూ అడగడం మానేశాం.

ఇప్పుడైతే అడక్కపోయినా అందరూ అన్నీ చెబుతున్నారు. నేను వినాలనుకున్న కబుర్లు మాత్రం, తెలిసీ ఊరుకున్న ఆ ఒక్క మనిషితోనే పోయాయి. చివరి రోజుల్లో ఒంట్లో ఎలా ఉందని డాక్టరు అడిగితే కూడా, “ఏమోనండీ, మీకే తెలియాలి” అన్నాడు.