టాక్సీలో పట్టని గజంబద్ద

మెట్ల కింది గదిలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరుకి ఒకటే జబ్బు. ఎవరి జబ్బూ ఎవరికీ అంటకూడదు! చలికాలం వచ్చిందంటే గజంబద్ద అడ్డంగా పట్టుకుని, అంత దూరంలోనే మనుషుల్ని నిలబెట్టేవాడు. చివరికి ఆయన పేరే గజంబద్ద అయిపోయింది.

కొలతలకీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. టేపు విసిరేసి, "నువ్వే చుట్టుకుని అంకె చెప్పు" అనేవాడు. జనం ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, రెండంగుళాలు తగ్గించి మరీ చెప్పేవారు. చలికాలమంతా ఆ వీధిలో గుండీలు తెగి ఎగిరిపడుతూనే ఉండేవి.

"అరచేతిలోకి దగ్గి, ఆ చేత్తోనే నా తలుపు పట్టుకుంటావా? మోచేతి మడతలోకి దగ్గు!" అని ఆయన అరిచే అరుపులకి, పోస్టుమాన్ దగ్గు రాకపోయినా మోచెయ్యి ఎత్తుకునే ఆ గది దాటేవాడు.

పై వాటాలో ఒక బాలింత. బిడ్డ నెలలు నిండకుండా, నెల ముందే పుట్టింది. పైకి దారి టైలరు గుమ్మం ముందునుంచే కాబట్టి, చుట్టాలు ఆయన ప్రశ్నలకి జడిసి కిందినుంచే పలకరించి వెళ్ళిపోయేవారు. భర్త పనికి వెళ్తే ఆమెకి గోడలే తోడు. అక్క ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకుంది.

అక్క రానే వచ్చింది. బద్ద అడ్డం పడింది.

"ఏమ్మా, కళ్ళు ఎర్రబడ్డాయి?"

"బస్సు బడలిక బాబాయ్. కాస్త చలి, ఒళ్ళునొప్పులు."

"ఎప్పట్నించి?"

"పొద్దున బాగానే ఉన్నా. బస్సెక్కాక ఒక్కసారిగా నీరసం కమ్మేసింది."

"జలుబు మెల్లగా వస్తుందమ్మా. ఇలా పూటలో మనిషిని పడేసేది ఫ్లూ. పైన పసిగుడ్డుంది, వెళ్ళొద్దు."

మెట్లమీదినుంచి అంతా వింటున్న బాలింతకి ఏడుపొచ్చింది. "మా అక్కని తరిమెయ్యడానికి మీరెవరు?" అని తలుపు ధడాలున వేసుకుంది. మూడు రోజులు ఆయన మొహం చూడలేదు.

నాలుగో రోజు మిషను చప్పుడు వినిపించలేదు. అప్పుడే అక్క ఫోను.

"ఫ్లూనేనే! డాక్టరు కూడా అదే అన్నాడు. ఆ రోజు నువ్వు తలుపేసుకోగానే కళ్ళు తిరిగి కూలబడ్డాను. మీ టైలరు బాబాయే టాక్సీ ఎక్కించి, నా తల భుజానికి ఆనించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇంటిదగ్గర దింపి మరీ వెళ్ళాడు. బాలింత హడలిపోతుంది, చెప్పొద్దన్నాడు."

బాలింత మూతికి గుడ్డ కట్టుకుని, వేడివేడి సూపు పట్టుకుని కిందికి దిగింది. గిన్నె గుమ్మంలో పెట్టి, పక్కనే ఆనించి ఉన్న గజంబద్దతో మెల్లగా లోపలికి నెట్టింది.

దగ్గుల మధ్యనుంచి కేక వినపడింది. "బద్ద ముట్టుకున్నావా! చేతులు సబ్బుతో కడుక్కో! పాపని ఎత్తుకునే ముందు ఇంకోసారి!"

"అలాగే బాబాయ్. అందర్నీ అంతంత దూరం నిలబెడతారు కదా, మా అక్కని తీసుకెళ్ళిన రోజు ఈ బద్ద ఏమైంది?"

లోపల గిన్నె దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"టాక్సీలో పట్టలేదమ్మా."