గోడ అవతలి దగ్గు

ఆ బడిలో ఆయాకి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఊడవడం, గంట కొట్టడం, ఒకటో తరగతి ముక్కులు తుడవడం ఆమె పనులు. వరండాలో చీపురు ఆడిస్తూనే గోడ అవతల దగ్గిందెవరో చెప్పేస్తుంది. ఏది జలుబు దగ్గో, ఏది హోంవర్కు చేయని దగ్గో ఆమెకు కొట్టిన పిండి. ఇంత విద్యకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు గానీ, ఇచ్చి తీరాల్సిందే.

టీబీ పరీక్షలకు వచ్చిన నర్సమ్మ తరగతి తరగతికీ వెళ్లి, "రెండు వారాలకు మించి దగ్గు ఎవరికైనా ఉందా?" అని అడిగింది. "లేదు మేడమ్!" అని పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అరిచారు. ఉందంటే ఆటల పోటీల్లోంచి తీసేస్తారని వాళ్ల భయం. టీచర్ల వంతు వచ్చింది. "నాది చాక్‌పీసు పొడి దగ్గు, అంతే" అని లెక్కల టీచరమ్మ నవ్వేసింది.

గుమ్మంలో ఉన్న ఆయా చూపు ఆవిడ చేతి మీద పడింది. టీచరమ్మ చేతి గడియారం ఈమధ్య వదులై మోచేతి దాకా జారుతోంది. తనను పనిలో పెట్టించిందీ, సంతకం నేర్పిందీ ఆవిడే. ఆవిడకు కోపమొస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో!

అయినా మధ్యాహ్నం టీచరమ్మ ఒంటరిగా ఉండటం చూసి స్టాఫ్ రూములోకి వెళ్లింది.

"టీచరమ్మా, మీరు పరీక్ష చేయించుకోండి."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావే? నీ పని నువ్వు చూసుకో."

"ఇది నా పనేనమ్మా. సెలవుల్లో పదిరోజులు చాక్‌పీసు ముట్టలేదు కదా, బడి తెరిచిన రోజు బోర్డు దగ్గరికి వెళ్లకముందే ఎందుకు దగ్గారు? రోజంతా పిల్లలు మీ ఎదురుగానే కూర్చుంటారు. మీరు చెప్పకపోతే నర్సమ్మకు నేనే చెప్తా. తర్వాత నన్ను తీసేయించినా సరే."

టీచరమ్మ ముఖం తిప్పుకుంది. ఆయా బయటికొచ్చి, గంట ఐదు నిమిషాలు ముందే కొట్టేసింది. ఇరవై రెండేళ్లలో అదొక్కటే తప్పు గంట.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ కళ్లె పట్టిన డబ్బీ తెచ్చి నర్సమ్మకిచ్చింది. టీబీయే. మందులు మొదలుపెట్టి సెలవులో పంపారు. ఆవిడ పాఠం వినే పిల్లలందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ సోకలేదు. కానీ టీచరమ్మ దగ్గర్నుంచి ఆయాకి ఒక్క కబురూ లేదు. ఉద్యోగం పోతే పోయింది, ఆవిడ మనసు విరిగిందే అని ఆయా కుమిలిపోయింది.

కొన్ని వారాలకు, ఇక బడికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాక, టీచరమ్మ వస్తూనే అసెంబ్లీలో మైకు అందుకుంది.

"నాకు టీబీ వచ్చింది. మందులు వేసుకుంటున్నా, తగ్గుతోంది. నేనూ మీలాగే దగ్గు దాచాను. దాచినవాళ్లు చెయ్యెత్తండి, ఆటల్లోంచి ఎవర్నీ తీసేయరు."

ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి మరొకటి. మొత్తం పదకొండు.

"నేను కసిరినా వదలకుండా నా దగ్గు పట్టుకున్న మనిషి అక్కడుంది. సిగ్గుతో ఇన్నాళ్లూ ఆవిడకు మొహం చూపించలేకపోయాను. అక్కా, ఇలా రండి."

బడి బడంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ అక్క ఎవరా అని ఆయా కూడా వెనక్కి తిరిగింది. ఆమె వెనకాల గోడ తప్ప ఇంకెవరూ లేరు.