కోనాం వేపుడులో మైదా

నాకు గోధుమ పడదు. ఏళ్ల తరబడి విరేచనాలతో, ఒంట్లో రక్తం లేక పాలిపోయి తిరిగాక, విశాఖపట్నంలో పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఇక బతికినన్నాళ్లూ గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా ముట్టవద్దని డాక్టరు చెప్పారు. మానేశాకే మళ్లీ మనిషినయ్యాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన అక్కకి మరీ బాగా తెలుసు. ఆవిడ నమ్మలేదు, అంతే.

పాతపట్నం దగ్గర పల్లెలో ఆవిడ కాపురం. వరి పండించే ఇల్లు, వచ్చినవాళ్లందరికీ వండి పెట్టే చెయ్యి. ఆ చేతి వంటని ఎవరూ కాదనకూడదు. ఆవిడ వేసిన పూరీ వద్దన్న రోజు నుంచీ ఆవిడకి నా మీద కంటు.

పోయిన వేసవిలో రెండు కుటుంబాలం కలిసి కళింగపట్నంలో సముద్రానికి దగ్గరగా ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. విజయనగరం నుంచి నా మూకుడు, బియ్యప్పిండి, చోడిపిండి, అదే రాగిపిండి, మూటగట్టుకుని వెళ్లాను. సంచి విప్పుతుంటే వదిన గుమ్మంలో నిలబడి, పిండి కూడా మడి కట్టుకుందా అని తన భర్తతో అంది. మొదటి రోజు పొద్దున్న ఉప్మా చేసి, రవ్వ వేరు గోధుమ వేరు అని నాతో వాదించింది. నేను చోడంబలి కాచుకుని తాగాను. సాయంత్రం ఒడ్డున అందరూ బజ్జీలు తింటుంటే, ఆ పిండిలో మైదా కలిపి ఉంటారని నేను తినలేదు. ఈ ఒడ్డున ఎండుచేపల కంపు పడిన మనిషికి బజ్జీ పడదా అని ఆవిడ చుట్టుపక్కల వాళ్లకి వినబడేలా అంది. మా ఆయన ఇసుకలో కాళ్లు ఆడిస్తూ కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మెత్తబడినట్టు కనబడింది. పడవల దగ్గరికి వెళ్లి తాజా కోనాం చేప తెచ్చి, నా కోసం విడిగా బియ్యప్పిండి పట్టించి, నా మూకుడులోనే వేపానంది. నాకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బాగుందని చెప్పి, మళ్లీ అడిగి వేయించుకుని తిన్నాను.

చేయి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ నవ్వుతోంది.

"బాగున్నాదా? అది మైదాయే. ఏటయినాది నీకు? నిలబడే ఉన్నావు గదా. నీ రోగం కడుపులో నేదు, బుర్రలో ఉన్నాది."

మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు. "అలాటి పని సెయ్యకూడదప్పా," అని వాళ్ల అక్కతో అన్నారు, కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత నెమ్మదిగా.

కాసేపటికే కడుపు రాయిలా బిగిసింది. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క బాత్రూములో గచ్చు మీద కూలబడిపోయాను. బయట వాళ్లు వంశధార సముద్రంలో కలిసే చోటు చూడటానికి తయారవుతున్నారు. మైదా అని తాను చెప్పబట్టే నాకు భయం పట్టుకుందని వదిన అనడం తలుపులోంచి వినబడింది. మా ఆయన ఎక్కడినుంచో మందు తెచ్చి ఇచ్చి, వాళ్లతో పాటు వెళ్లారు. వెళ్లకపోతే అప్ప బాధపడుతుందట.

తెల్లవారాక నేనొక్కదాన్నీ ఆటోలో శ్రీకాకుళం, అక్కడి నుంచి బస్సులో విజయనగరం వచ్చేశాను. మూకుడు అక్కడే వదిలేశాను. వారాల పాటు తిన్నది తిన్నట్టే పోయింది, నోరంతా పూసింది. వదిన ఒకసారి ఫోన్ చేసి తగ్గినాదా అని అడిగింది. తప్పయిందన్న మాట ఆ నోట రాలేదు. మా ఆయనతో చాలా రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు.

ఈమధ్య వదిన వాళ్ల ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లక తప్పలేదు. భోజనాల బంతిలో వదిన అన్నం బేసిను పట్టుకుని వరసగా వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చింది. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉత్త వరన్నమే. ఇది కూడా తినవేటి?"

"అన్నం తింటాను వదినా. మీ చేత్తో పెట్టింది తినను."

పక్క విస్తళ్ల వాళ్లు తలెత్తి చూశారు. ఆవిడ మొహం నల్లబడింది, ముందుకు వెళ్లిపోయింది. వెనకాలే వడ్డిస్తూ వచ్చిన వదిన తోడికోడలి చేత అన్నం వేయించుకుని, పెరుగు కలుపుకుని కడుపునిండా తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, నలుగురిలో అలా అనకుండా ఉండాల్సిందని మా ఆయన అన్నారు. నలుగురూ వినాలనే అన్నానని చెప్పి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.